మిద్దె ఎవరిది? అపార్ట్‌మెంటు, విల్లా, లేఅవుటు, ఫామ్ ప్లాటు: ఉమ్మడి స్థలం మీద ఏ చట్టం పనిచేస్తుంది

పెన్నాతీరం | సోమవారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరులో స్టిల్టు (కింద స్తంభాల మధ్య పార్కింగు) మీద అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. అంతస్తుకు నాలుగు చొప్పున 20 ఫ్లాట్లు, స్థలం 75 అంకణాలు. 2014లో రిజిస్ట్రేషన్, మరుసటి ఏడు గృహప్రవేశం. స్థలం ఒకరిది, కట్టింది ఇంకొకరు, డెవలప్‌మెంటు అగ్రిమెంటు మీద ఫ్లాట్లు పంచుకున్నారు. స్థలం ఆసామి దగ్గర ఇప్పటికీ మూడు ఫ్లాట్లు ఉండాయి, బాడుగలకిచ్చి ఉండారు.

నిన్న పొద్దున బట్టలు ఆరేద్దామని మిద్దె మీదకి పోతే ఇద్దరు మేస్త్రీలు టేపు పట్టి కొలుస్తా ఉండారు. ఏంది నాయనా అని అడిగితే పెంట్‌హౌసు లేపుతారంట అన్నారు. ఆసామికి ఫోన్ చేశాను. "మిద్దె మేమెవరికీ అమ్మలేదమ్మా, మీ దస్తావేజులోనే రాసుంది చూసుకోండి" అన్నారు. తీసి చూస్తే నిజంగానే ఉంది. 11వ పేజీలో, టెర్రస్ మీద సర్వహక్కులు స్థలం యజమానివే అని ఒక్క వాక్యం.

మాది పై అంతస్తు. వానాకాలం వస్తే ఇప్పటికే స్లాబు చెమ్మెక్కుతుంది. దాని మీద ఇంకో ఇల్లు కడితే మా గతేంది? పైగా ట్యాంకులు, లిఫ్టు గది, అందరి డిష్షులు అక్కడే కదా. సంతకం పెట్టినాం కాబట్టి ఇక మాట్లాడే హక్కు లేదా? తెలిసినవాళ్ళు చెప్పండి, రాత్రి నిద్ర పట్టలేదు.

వేదాయపాళెం సెక్రటరీ | సోమవారం రాత్రి 10.15

అక్కా, ముందు పని ఆపించండి. కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌లో రేపే ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ప్లాను మంజూరు లేకుండా పైన ఇటుక పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు, మిద్దె ఎవరిదైనా సరే. హక్కుల సంగతి తర్వాత తేల్చుకోవచ్చు, కట్టిన గోడ కూలగొట్టించడం మాత్రం ఏళ్ళ పని. మీ అసోసియేషన్ రిజిస్టర్ అయిందా?

పెన్నాతీరం | సోమవారం రాత్రి 10.22

లేదు తమ్ముడూ. వాట్సాప్ గ్రూపు ఉంది, నెలకు 1,500 వసూలు చేసి వాచ్‌మన్‌కి, లిఫ్టుకి కడతా ఉన్నాం. అంతే.

ఒంగోలు కోర్టురోడ్డు | మంగళవారం ఉదయం 6.50

అమ్మా, నేను ఒంగోలులో ప్రాక్టీసు చేస్తాను. కాగితాలు చూడకుండా తీర్పు చెప్పకూడదు గానీ మీరు అడిగిన మూలప్రశ్నకు జవాబు చెప్పగలను.

ఫ్లాటు కొనడమంటే రెండు కొనడం. గోడల మధ్య ఉన్న ఇల్లు మీ ఒక్కరిది. దానికింద నేల, పునాది, స్తంభాలు, మెట్లు, కప్పు, వీటిలో మీకున్నది విడదీయరాని వాటా, దస్తావేజుల్లో అవిభక్త వాటా అంటారు. ఇల్లు అమ్మితే వాటా దానితోనే పోతుంది, ఇల్లు ఉంచుకుని వాటా అమ్మలేరు, నా వాటా నాకు కోసివ్వండి అని పార్టిషన్ దావా వేయలేరు. మన రాష్ట్రంలో దీన్ని చట్టం చేసింది 1987లో, ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల నిర్మాణ, యాజమాన్య ప్రోత్సాహక చట్టం. మహారాష్ట్ర 1970లోనే చేసింది. వేరే దేశాల్లో కాండోమినియం అనేది ఇదే.

తర్వాత కేంద్రం 2016లో రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, రెరా అంటారు, తెచ్చింది, పూర్తిగా అమలయింది 2017 మే 1 నుంచి. అందులో 2వ సెక్షన్‌లో ఉమ్మడి ప్రాంతం అంటే ఏమిటో నిర్వచనం ఉంది. ప్రాజెక్టు భూమి మొత్తం, మెట్లు, లిఫ్టులు, బేస్‌మెంట్లు, పార్కులు, ఓపెన్ పార్కింగు, వాటితోపాటు టెర్రస్ అని పేరు పెట్టి రాశారు. చట్టం ఉమ్మడి అన్నదాన్ని దస్తావేజులో ఒక వాక్యం రాసి సొంతం చేసుకోవడం కుదురుతుందా అన్నదే మీ కేసు. మీ పక్షాన చెప్పుకోవడానికి చాలా ఉంది.

చిక్కు ఒకటుంది. మీది 2015లో చేతికొచ్చిన కట్టడం. 2017 మే 1 నాటికి కంప్లీషన్ సర్టిఫికెట్ రాని ప్రాజెక్టులను నడుస్తున్నవాటిగా లెక్కించి నమోదు చేయించాలని రెరా 3వ సెక్షన్ అంటుంది. ఇలా పాత ప్రాజెక్టులకు చట్టం వర్తింపచేయడం సరైనదేనని సుప్రీంకోర్టు 2021లో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో చెప్పింది. మీకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, కాపురం ఉండవచ్చు అని కార్పొరేషన్ ఇచ్చే కాగితం) ఇచ్చారా, ఇస్తే ఏ తేదీ? రాష్ట్ర రూల్సులో మినహాయింపులు కూడా ఉంటాయి, అవి పక్కన పెట్టుకుని చూడాలి. రెరా వర్తించకపోయినా 1987 చట్టం మీకు ఉండనే ఉంది.

పాతదస్తావేజు | మంగళవారం ఉదయం 8.05

కావలిలో ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి. లాయరుగారు చట్టం చెప్పారు, నేను కాగితం సంగతి చెబుతా.

అమ్మాయ్, నీ దస్తావేజులో షెడ్యూళ్ళు తీయి. మొదటి షెడ్యూలులో మొత్తం స్థలం, నాలుగు దిక్కుల హద్దులు ఉంటాయి. తర్వాతి దాంట్లో నీకిచ్చిన అవిభక్త వాటా ఇన్ని గజాలు అని ఉంటుంది. ఇప్పుడు నీ ఒక్కదాని కాగితం చాలదు. 20 ఫ్లాట్ల దస్తావేజులూ తెప్పించు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలు ఇస్తారు, ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీస్తే నంబర్లు దొరుకుతాయి. 20 వాటాలు కూడు. నెల్లూరు అంకణం అంటే 72 చదరపు అడుగులు, 8 గజాలు. 75 అంకణాలంటే 600 గజాలు. నీ కూడిక 600కి వచ్చిందా, రాలేదా?

రాలేదనుకో, మిగిలింది ఎవరి దగ్గరుందో అదే ఈ పెంట్‌హౌసుకి మూలం. ఈ పని చాలా చోట్ల జరిగింది. ఒక్కో ఫ్లాటుకు రెండు గజాలు తక్కువ రాస్తే కొనేవాడికి తెలియదు, ఇల్లు ఎంత పెద్దదని చూస్తాడు గానీ నేల ఎంతని అడగడు. నా చేత్తో రాసిన కాగితాల్లో కూడా అట్టాంటివి ఉండాయి. పార్టీలు చెప్పినట్టు రాయడమే మా పని అప్పట్లో. అందుకే ఇప్పుడు అడిగినవాళ్ళందరికీ చెబుతున్నా.

మరోమాట. అంకణం అంటే అన్నిచోట్లా ఒకటి కాదు. తిరుపతి వైపు 36 చదరపు అడుగులే. దస్తావేజులో గజాల్లోనో మీటర్లలోనో రాయించుకోండి.

మైపాడు గాలి | మంగళవారం ఉదయం 9.30

ఇదే చోట నా బాధ కూడా అడగొచ్చా? మాది విల్లా. ఊరి బయట గేటు, గోడ, లోపల 40 ఇళ్ళు. మాకు పార్కు ఉంది, చిన్న క్లబ్‌హౌసు ఉంది. పక్క పొలం కొన్నాయన మా లోపలి రోడ్డు మీదుగా దోవ కావాలని పంచాయతీకి పోయాడు. గేటెడ్ కమ్యూనిటీ అని బ్రోచర్లో రాసి అమ్మారు మాకు. మాది కూడా అపార్ట్‌మెంట్ చట్టమేనా?

ఒంగోలు కోర్టురోడ్డు | మంగళవారం మధ్యాహ్నం 1.10

మైపాడు గాలి గారూ, మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న, అపార్ట్‌మెంటు వాళ్ళకంటే మీలాంటివాళ్ళే ఎక్కువ మోసపోతారు. విల్లా అనే మాటకి చట్టంలో ఒకే అర్థం లేదు. బయటికి ఒకేలా కనపడే రెండు గేట్ల వెనక రెండు వేరు వేరు వ్యవస్థలు ఉంటాయి.

మొదటిది లేఅవుటు. నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) దగ్గరో, డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) దగ్గరో లేఅవుటు అప్రూవల్ తీసుకుని, ప్లాట్లు కోసి, వాటి మీద ఇళ్ళు కట్టి అమ్మినవి. ఇందులో మీ ప్లాటు నేల అంతా మీ ఒక్కరిదే, అవిభక్త వాటా ఏమీ లేదు. అయితే రోడ్లూ, 10 శాతం ఓపెన్ స్పేసూ అప్రూవల్ షరతు ప్రకారం గిఫ్ట్ డీడ్ రాసి పంచాయతీకో మునిసిపాలిటీకో అప్పగిస్తారు. అంటే మీ గేటులోపలి రోడ్డు స్థానిక సంస్థది. దాని మీద గేటు పెట్టుకోవచ్చునా, బయటివాళ్ళను ఆపవచ్చునా అంటే కష్టం.

రెండోది గ్రూప్ డెవలప్‌మెంట్. మొత్తం స్థలాన్ని ముక్కలు చేయకుండా ఒకే ప్రాజెక్టుగా ప్లాను మంజూరు చేయించుకుని, అందులో ఇళ్ళు కట్టి, ఒక్కొక్కరికి ఇల్లు, దాంతోపాటు మొత్తం నేలలో వాటా రాసేది. ఇది అపార్ట్‌మెంటుకు దగ్గర చుట్టం, నిలువుగా కాక అడ్డంగా పరిచిన అపార్ట్‌మెంటు అనుకోండి. రోడ్లు మీ అందరి ఉమ్మడి.

మీ సేల్ డీడ్‌లో ప్లాటు నంబరు, నాలుగు హద్దులు మాత్రమే ఉన్నాయా, వాటా అన్న మాట ఉందా? అది చెప్పండి. బ్రోచర్లో గేటెడ్ అని ఏం రాసినా హద్దుల్లో ఉన్నదే మీది.

మైపాడు గాలి | మంగళవారం మధ్యాహ్నం 2.45

ప్లాటు నంబరు, 200 గజాలు, తూర్పు రోడ్డు. వాటా అన్న మాట ఎక్కడా లేదు. క్లబ్‌హౌసు గురించి అసలే లేదు.

ఒంగోలు కోర్టురోడ్డు | మంగళవారం మధ్యాహ్నం 3.00

అయితే మీది లేఅవుటు. దోవ విషయంలో మీ వాదన బలహీనం. పార్కు విషయంలో మాత్రం మీరు గట్టిగా నిలబడవచ్చు. లేఅవుటులో పార్కని చూపిన స్థలాన్ని ఇంకో పనికి మార్చకూడదని సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో తేల్చింది. అక్కడ పార్కు స్థలంలో ఆసుపత్రి కట్టబోయారు, చుట్టుపక్కల ఉండేవాళ్ళే కోర్టుకు వెళ్ళి ఆపారు. క్లబ్‌హౌసు ఏ సర్వే నంబరులో, ఏ ప్లాటులో ఉందో ఈసీ తీయండి. అది బిల్డరు పేరునే ఉండిపోయి ఉంటే రేపు వేరేవాళ్ళకి అమ్మేసినా మీరు చేయగలిగింది తక్కువ. ప్రాజెక్టు రెరాలో నమోదై, క్లబ్‌హౌసు వసతుల కింద చూపి ఉంటే ఆ దారిలో పట్టుకోవచ్చు.

కందుకూరు అంగడి | మంగళవారం సాయంత్రం 5.20

అన్నా, మా గోడు ఇంకోరకం. కింద ఆరు షాపులు, పైన మూడంతస్తులు ఇళ్ళు. నాది మందుల షాపు, రోడ్డు మీదకే షట్టరు. ఇళ్ళవాళ్ళు అసోసియేషన్ పెట్టుకుని లిఫ్టు మరమ్మతుకు షాపుకు ఇంత అని నోటీసు అంటించారు. నేను జీవితంలో ఆ లిఫ్టు ఎక్కలేదు. అపార్ట్‌మెంట్ చట్టం ఇళ్ళకే కదా?

ఒంగోలు కోర్టురోడ్డు | మంగళవారం రాత్రి 9.05

కాదు. 1987 చట్టంలో గానీ రెరాలో గానీ అపార్ట్‌మెంట్ అంటే ఇల్లని లేదు. షాపు, ఆఫీసు, గోడౌను, షోరూము అన్నీ అందులోకే వస్తాయి. మీ షాపుకి నేలలో వాటా ఉంటే మీరూ సభ్యులే, ఓటూ మీకుంది.

డబ్బు సంగతి: వాడను కాబట్టి కట్టను అనే వాదన ఈ చట్టాల్లో నిలవదు. ఉమ్మడి ఖర్చు వాటా లెక్కన పడుతుంది, వాడకం లెక్కన కాదు. కానీ మీ బాధకు కూడా చోటుంది. పరిమిత ఉమ్మడి వసతులు అని 1987 చట్టంలో ఒక వర్గం ఉంది, అంటే కొన్ని యూనిట్లకు మాత్రమే కేటాయించినవి. లిఫ్టును ఇళ్ళ తాలూకు పరిమిత వసతిగా, షాపుల ముందున్న పార్కింగు, సైన్‌బోర్డుల గోడ షాపుల తాలూకుగా బైలాల్లో, అంటే అసోసియేషన్ నియమాల్లో, రాసుకుంటే గొడవ ఉండదు. మీ బైలాలు చూడండి. బైలాలే లేకపోతే ఆ నోటీసు బలమెంత?

కందుకూరు అంగడి | మంగళవారం రాత్రి 9.40

బైలాలు ఎవరూ చూపించలేదు. అడుగుతా.

వేదాయపాళెం సెక్రటరీ | మంగళవారం రాత్రి 10.00

ఈ వాడకం, వాటా గొడవ మాకు 2021 నవంబరులో వచ్చింది. పెన్నకు వరద వచ్చినప్పుడు స్టిల్టులోకి నీళ్ళొచ్చి బోరు మోటారు, లిఫ్టు ప్యానెలు, జనరేటరు మొత్తం పోయినాయి. నాలుగో అంతస్తు వాళ్ళు మా ఇంట్లోకి చుక్క రాలేదు, మేమెందుకు కట్టాలి అన్నారు. మూడు మీటింగులు అయినాయి. చివరికి ఒక పెద్దావిడ లేచి, నాలుగో అంతస్తు వాళ్ళే కదయ్యా లిఫ్టు ఎక్కువ ఎక్కేది, మీకు నీళ్ళు పైకెక్కించేది కింద మునిగిన మోటారే కదా అంది. తర్వాతి వారం డబ్బు కట్టారు. మేము అప్పటికే సొసైటీగా రిజిస్టర్ అయి ఉన్నాం, ఖర్చు వాటా లెక్కన అని బైలాలో ఉంది, అది చూపించగలిగాం. లేకపోతే ఆ పెద్దావిడ మాట కూడా గాల్లో కలిసేది.

పెన్నాతీరం అక్కా, రిజిస్ట్రేషన్ పెద్ద కష్టం కాదు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చాలు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో పని. బైలాలు మాత్రం నెట్‌లో దొరికినవి కాపీ కొట్టొద్దు. మీ ఇంటికి సరిపోయేటట్టు కూర్చుని రాసుకోండి. ఏటా కమిటీ పేర్లు రిజిస్ట్రారుకి పంపడం మర్చిపోవద్దు, మేము రెండేళ్ళు మర్చిపోయి చాలా అవస్థ పడ్డాం.

కనిగిరి నేరేడు | బుధవారం ఉదయం 7.15

నాది మీ అందరికంటే చిన్న విషయం కావచ్చు. మా నాన్న రిటైర్మెంటు డబ్బుతో ఒక ఫామ్ ప్లాటు కొన్నారు, మెట్టభూమి. చెట్లు మేమే పెంచుతాం, రిసార్టు కడతాం, వారాంతం వచ్చి ఉండొచ్చు అన్నారు. దస్తావేజులో ప్లాటు హద్దులు లేవు. మొత్తం భూమిలో ఇన్ని సెంట్లు అవిభక్త వాటా అనుంది, 60 మందికి అలానే. ఇది అపార్ట్‌మెంటులాగే కదా, చట్టం కాపాడుతుంది కదా అని నాన్న ధైర్యంగా ఉన్నారు.

పాతదస్తావేజు | బుధవారం ఉదయం 8.30

నాయనా, ఇది చదివి మనసు బరువెక్కింది. అవిభక్త వాటా అన్న మాట ఒకటే, రెండుచోట్లా దాని బలం ఒకటి కాదు. అపార్ట్‌మెంటులో వాటాకు తోడు ఒక ఇల్లుంది, ఆ ఇంటికి హద్దులున్నాయి, వాటా ఆ ఇంటిని పట్టుకుని ఉంటుంది. ఉత్త పొలంలో వాటా అంటే అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి లాంటిదే. 60 మందిలో ఎవరు ఏ మూల అనుభవించాలో కాగితం చెప్పదు. ఒకరు వాటా ఎవరికైనా అమ్ముకోవచ్చు, ఒకరు అప్పు చేస్తే బ్యాంకు వచ్చి కూర్చోవచ్చు.

ఒంగోలు కోర్టురోడ్డు | బుధవారం మధ్యాహ్నం 12.40

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. అపార్ట్‌మెంట్ చట్టం పార్టిషన్‌ను ఆపుతుంది. మామూలు ఉమ్మడి హక్కుదారుల మధ్య పార్టిషన్ అడగడం ప్రతి ఒక్కరి హక్కు. ముక్కలు చేయడం సాధ్యం కాదని కోర్టు అనుకుంటే 1893 నాటి పార్టిషన్ చట్టం కింద మొత్తం అమ్మి డబ్బు పంచమనవచ్చు. అంటే 60 మందిలో ఎవరైనా ఒకరు దావా వేస్తే మిగతావాళ్ళంతా కోర్టు మెట్లు ఎక్కాలి.

రెరా సంగతికి వస్తే, 500 చదరపు మీటర్లు మించిన స్థలాన్ని ప్లాట్లుగా అభివృద్ధి చేసి అమ్మకానికి పెడితే నమోదు చేయించాలి. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో 75 అంకణాలకు కాస్త తక్కువ. అలాంటివాళ్ళు మేము అమ్మేది వ్యవసాయ భూమి, మాకు రెరా లేదు అంటారు. రోడ్లేసి, గేటు పెట్టి, రిసార్టు పేరుతో ప్రకటన ఇచ్చి అమ్మినప్పుడు అది ఉత్త పొలం అమ్మకమా, అభివృద్ధి ప్రాజెక్టా అన్నది వాదించదగ్గ విషయం. ఆ కరపత్రాలు, వాట్సాప్‌లో వచ్చిన బొమ్మలు, డబ్బు కట్టిన రసీదులు ఒక్కటి కూడా పారేయకండి. రిసార్టు భూమి ఎవరి పేరున ఉందో, చెట్ల మీద వచ్చే ఫలసాయం ఎవరిదో రాతపూర్వకంగా అడగండి. మీ నాన్నగారిని తొందరపెట్టకుండా నెమ్మదిగా చెప్పండి.

కనిగిరి నేరేడు | బుధవారం మధ్యాహ్నం 1.05

చెబుతాను సార్. 60 మందిలో పదిమంది నంబర్లు మా దగ్గరున్నాయి. మిగతావాళ్ళని ఈసీలో పేర్లు చూసి వెతుకుతా.

సింగరాయకొండ నుంచి బెంగళూరు | బుధవారం రాత్రి 8.50

పెన్నాతీరం అక్కా, మీ బిల్డింగు సంగతి చదువుతుంటే ఇది మాదే అనిపించింది. 304 నంబరు ఫ్లాటు నాదే కదా? బాడుగకిచ్చి ఇక్కడ ఉంటున్నా. వాట్సాప్ గ్రూపులో నేను ఎప్పుడూ నోరు తెరవలేదు, క్షమించండి. నా దస్తావేజు స్కాన్ పంపుతున్నా. అందులో 26 గజాలు అనుంది.

ఒక అనుమానం. నాకు కారు పార్కింగు విడిగా రెండు లక్షలకు అమ్మారు. అది నాదేనా?

ఒంగోలు కోర్టురోడ్డు | బుధవారం రాత్రి 10.10

స్టిల్టు పార్కింగును బిల్డరు విడి యూనిట్‌గా అమ్మకూడదని సుప్రీంకోర్టు 2010లో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో చెప్పింది. అది మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం మీద ఇచ్చిన తీర్పు గానీ ఆలోచన మనకూ పనికొస్తుంది. రెరాలో గ్యారేజీ అంటే కప్పు, మూడువైపులా గోడలు ఉండాలి. స్తంభాల మధ్య పసుపు గీత గ్యారేజీ కాదు. మీకు ఆ చోటు వాడుకునే కేటాయింపు ఉందనుకోండి, ఎవరూ లాక్కోరు. నేల మీద యాజమాన్యం వచ్చిందని మాత్రం అనుకోకండి. ఫ్లాటు అమ్మేటప్పుడు పార్కింగును బయటివాళ్ళకి విడిగా అమ్మడం కుదరదు.

పెన్నాతీరం | శనివారం రాత్రి 9.15

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఈ నాలుగు రోజులు బడికి సగం పూట సెలవు పెట్టి తిరిగాను. జరిగింది జరిగినట్టు చెబుతా.

20 దస్తావేజులూ చేతికొచ్చినాయి. ప్రతి అంతస్తులో రెండు ఫ్లాట్లకు 26 గజాలు, రెండిటికి 30. అంతస్తుకి 112, అయిదంతస్తులకి 560. పెద్దాయన చెప్పినట్టే 40 గజాలు మిగిలింది. అయిదు అంకణాలు. అమ్మిన దస్తావేజుల్లో ఎక్కడా ఆ 40 గజాల ప్రస్తావన లేదు. డెవలప్‌మెంటు అగ్రిమెంటు కాపీ కూడా తీశాం, అందులో భవిష్యత్తు నిర్మాణం కోసం అని స్థలం ఆసామి పేర ఉంచారు. కొనేటప్పుడు ఈ అగ్రిమెంటు మాకెవ్వరికీ చూపలేదు.

కార్పొరేషన్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. ప్లాను కాపీలో మిద్దె ఖాళీగానే ఉంది, ట్యాంకు, లిఫ్టు గది తప్ప ఏమీ లేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఎవరి దగ్గరా లేదు, ఫైలులో కూడా చూపలేదు.

నిన్న సాయంత్రం మీటింగు పెట్టాం. ఆసామి కూడా వచ్చారు, పిలవగానే వచ్చినందుకు ఆయనకు నమస్కారమే చెప్పాను. కూడిక కాగితం చేతికిచ్చాను. చాలాసేపు చూశారు. మా నాన్న కొన్న స్థలం ఇది, నాకు ఆమాత్రం మిగలకూడదా అన్నారు. ఆ మాట అబద్ధం అనను. కానీ 20 కుటుంబాలు ఆ నేల మొత్తానికి డబ్బు కట్టామనే అనుకున్నాం. రెండు మాటలూ నిజమే అయినప్పుడు ఎట్టా?

లాయరుగారూ, ఆయన దగ్గర మూడు ఫ్లాట్లు ఉండాయి కాబట్టి మూడు ఓట్లు ఉంటాయా?

ఒంగోలు కోర్టురోడ్డు | ఆదివారం ఉదయం 7.20

రెరా 14వ సెక్షన్ ప్రకారం మంజూరైన ప్లానులో గానీ ఉమ్మడి ప్రాంతంలో గానీ మార్పు చేయాలంటే ప్రమోటరును మినహాయించి కనీసం మూడింట రెండొంతుల మంది కొనుగోలుదారుల ముందస్తు రాతపూర్వక అంగీకారం ఉండాలి. అక్కడే ఒక వివరణ ఉంది. ఒక మనిషి ఎన్ని ఫ్లాట్లు కొన్నా, కుటుంబం పేరుతో కొన్నా, ఒక్కరిగానే లెక్క.

స్థలం ఆసామి ఇక్కడ కొనుగోలుదారు కాదు. కట్టినవారు, అమ్మినవారు వేరైతే ఇద్దరూ ప్రమోటర్లే, ఇద్దరూ జవాబుదారులే అని రెరా నిర్వచనం చెబుతుంది. కాబట్టి ఆయన మూడూ తీసేయండి. 17 మిగిలాయి. వాటిలో ఒకే కుటుంబానికి రెండు ఉన్నవారు ఉన్నారా?

పెన్నాతీరం | ఆదివారం ఉదయం 7.45

ఉన్నారు, రెండో అంతస్తులో అన్నదమ్ముల్లో పెద్దాయన, వాళ్ళావిడ పేరున ఒక్కోటి. అంటే 16.

ఒంగోలు కోర్టురోడ్డు | ఆదివారం ఉదయం 7.55

16లో మూడింట రెండొంతులంటే 11 మంది ఒప్పుకోవాలి. మీరు ఆరుగురు కుదరదంటే చాలు. రెరా మీకు వర్తిస్తుందని తేలిన తర్వాతి మాట ఇది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకపోవడం ఆ వాదనకు మీ చేతిలోని గట్టి కాగితం. ఆ వాదన నిలవకపోతే 1987 చట్టం, ప్లాను ఉల్లంఘన మీద సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే పని ఆపమనే ఉత్తర్వు, అడగాలి. రెండు దారులూ తయారుగా ఉంచుకుందాం. 40 గజాల విషయం వేరే. అది దావా కంటే మాట్లాడుకుని, రెక్టిఫికేషన్ డీడో (పాత దస్తావేజును సరిదిద్దే దస్తావేజు), అసోసియేషన్ పేర రాతో చేసుకుంటే అందరికీ మేలు. ఆయనకు ఎంతోకొంత ముట్టజెప్పాల్సి రావచ్చు. ఆ మాట ముందే మీటింగులో పెట్టండి.

పాతదస్తావేజు | ఆదివారం ఉదయం 9.00

డీడ్ రాసే రోజు వస్తే నాకు కబురు పెట్టండి. ఫీజు వద్దు. షెడ్యూలు నేనే రాసిస్తా, హద్దులు నా కళ్ళతో చూసి, టేపు పట్టి.

పెన్నాతీరం | ఆదివారం సాయంత్రం 6.30

మా 16 కుటుంబాల్లో 13 మంది పెంట్‌హౌసు వద్దని సంతకం చేశారు. ముగ్గురు ఊళ్ళో లేరు. ఆసామి కోడలు ఫోన్ చేసి, కాగితాలు మా లాయరుకు చూపించేదాకా పని మొదలుపెట్టం అంది. మేస్త్రీలు దించిన ఇసుక మూటలు మాత్రం మిద్దె మీదే ఉండాయి.

సొసైటీకి పేరు అనుకున్నాం, బైలాల ముసాయిదా వేదాయపాళెం తమ్ముడు పంపాడు, రాత్రికి మా వరండాలో కూర్చుని చదువుతాం. బెంగళూరు తమ్ముడూ, నీ సంతకం ఇంకా రాలేదు. కాగితం మీద పెట్టి స్పీడ్‌పోస్టులో పంపు, వాట్సాప్ ఫోటో పనికిరాదంట. గురువారం జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు పోతున్నాం.

సింగరాయకొండ నుంచి బెంగళూరు | ఆదివారం సాయంత్రం 6.41

రేపు పొద్దున్నే పోస్టు చేస్తా అక్కా. గురువారం నేనూ వస్తున్నా, బుధవారం రాత్రి రైలుకు టికెట్ తీశాను.